రంగేస్తే ఊరు లేస్తుందా?

మా రోజుల్లో విశాఖపట్నం అంటే వన్ టౌనే. వాల్తేరంటే మిట్ట మీద దొరల బంగళాలూ, యూనివర్సిటీ. మధురవాడంటే విజయనగరం బస్సులో పోతుంటే కిటికీలోంచి కనబడే పల్లె. పెళ్లిబట్టలు కొనాలన్నా, బంగారం చేయించాలన్నా, మనియార్డరు కట్టాలన్నా ఊళ్లోకి రావలసిందే. ఊరంటే పాత పోస్టాఫీసు నుంచి పూర్ణా మార్కెట్ దాకా. ఇప్పుడు మా మనవడు ఆదివారం పొద్దున్నే కెమెరా మెళ్లో వేసుకుని "తాతా, హెరిటేజ్ వాక్‌కి పోతన్నాను" అంటాడు. ఎక్కడికిరా అంటే కోట వీధికట. నేను పాలచెంబు పట్టుకుని తిరిగిన వీధిలో నడవడానికి వీడికి టోపీ, నీళ్ల బాటిలు, పక్కన ఒక గైడూ!

సణుగుతానని మా ఆవిడ విసుక్కుంటుంది. సణక్క ఏం చెయ్యమంటారు? ఈమధ్య పెద్దలందరికీ పాత పట్నం మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది. 2016లో స్మార్ట్ సిటీల మొదటి జాబితాలో 20 ఊళ్లలో ఒకటిగా మన పేరు వచ్చిన దగ్గర్నుంచీ ఈ సందడి. విక్టోరియా రాణి బొమ్మని కడిగి నిలబెట్టారు. ఆవిడ పోయి నూట పాతికేళ్లవుతున్నా మెరుగు తగ్గలేదు. బొబ్బిలి రాజావారి టౌన్‌హాలుకీ, పాత మున్సిపల్ ఆఫీసుకీ మరమ్మతులు తలపెట్టారు. పాత కట్టడాల్ని కాపాడాలనే ఇన్‌టాక్ సంస్థ వాళ్లు ఏళ్ల తరబడి గొంతు చించుకుంటే ఇన్నాళ్లకి ఎవరో విన్నారు. సంతోషమే. బాగుచెయ్యొద్దని నేనెప్పుడూ అనలేదు. నా గోల వేరు. మేడకి రంగేస్తారు, లైట్లు పెడతారు, ముందు నిలబడి ఫొటో దిగుతారు. ఆ మేడలో ఇక మీదట జరిగే పనేమిటని మాత్రం ఎవరూ అడగరు.

మా రోజుల్లో ఆ మేడలు అందమైనవని ఎవరికీ పట్టలేదు. వాటిలో పనుండేది, అంతే. కింద కొట్టు, మీద కాపురం, వెనక గోడౌను. నేనొక షిప్పింగ్ ఏజెంటు దగ్గర గుమస్తాని. ఓడ లంగరేసిందంటే మాకు పరుగే పరుగు. సరుకు కాగితాలు సైకిలు క్యారియరుకి కట్టుకుని కస్టమ్స్ ఆఫీసుకి, అక్కణ్ణించి బ్యాంకుకి, బ్యాంకు నుంచి పోర్టు గేటుకి. మధ్యాహ్నం సేటు భోజనానికి మేడెక్కితే కొట్టు అరుగు మీద కళాసీలు కునుకు తీసేవారు. సాయంత్రం అదే అరుగు మీద చదరంగం, చీట్లపేక, లోకంలోని రాజకీయమంతా. రెండో ఆట వదిలాక కూడా వీధిలో మనుషుల అలికిడి ఉండేది. కురుపాం మార్కెట్‌లో కరక్కాయ, శీకాయ, పచ్చకర్పూరం. రెండు సందులు దాటితే ఎండుచేపలు. ఆపైన రేవు గాలి. కళ్లు మూసుకుని నడిచినా ఎక్కడున్నామో ముక్కు చెప్పేది.

ఆ పనంతా సముద్రం పెట్టిన భిక్ష. రేవు లేని రోజుల్లో ఓడలు దూరాన ఆగితే మసూలా పడవల మీద సరుకు ఒడ్డుకి చేరేది. ఆ తర్వాత రేవు కోసం బురదనేల తవ్వారు. కెరటాల తాకిడి ఆపడానికి జానస్, వెల్లెడ్సన్ అనే రెండు పాత ఓడల్ని సముద్రంలో ముంచి అడ్డుకట్ట చేశారు. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ వారి ఓడ జలదుర్గ రేవు లోపలికొచ్చింది. 1948 మార్చిలో మన షిప్‌యార్డులో కట్టిన జలఉష ఓడని నెహ్రూగారు నీళ్లలోకి వదిలారు. నడుమ 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్లు బాంబులేస్తే జనం పిల్లాజెల్లాతో ఊరొదిలి పల్లెలకి పోయారని మా నాన్న చెప్పేవారు. మళ్లీ వచ్చారు కూడా. కూడు ఇక్కడుంది గనక వచ్చారు. బాంబులకి పారిపోయినవాళ్లు తిరిగొచ్చారు గానీ ఎంవీపీ కాలనీలో ఇల్లు కట్టుకుని వెళ్లినవాళ్లు మాత్రం రాలేదు.

ఎందుకొస్తారు? 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని ఈ వీధుల్లో అరిచిన గొంతుల్లో నాదీ ఒకటి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే మిఠాయి పంచుకున్నాం. 1992లో పి.వి. నరసింహారావు గారు ఫ్యాక్టరీని జాతికి అంకితమిచ్చారు. ఉద్యోగాలొచ్చాయి. ఉద్యోగమొచ్చిన ప్రతివాడూ ఉక్కునగరమో, గాజువాకో, కూర్మన్నపాలెమో చేరాడు. అక్కడ క్వార్టర్సు, చెట్లు, పిల్లలకి బడి. ఇక్కడ సందులో స్కూటరు తిప్పడానికి చోటు లేదు. వాళ్లనెలా తప్పుపడతాను? మా పెద్దాడే వెళ్లాడు.

రేవులోనూ అంతే. సరుకు కంటైనర్లలోకి మారింది. 2003లో కంటైనర్ టెర్మినల్ మొదలైంది. బస్తాలు దింపే మనుషుల పని క్రేను చేసింది, గుమస్తా పని కంప్యూటరు చేసింది. గుమస్తా పోతే టీకొట్టుకి బేరం లేదు. టీకొట్టు పోతే అరుగు మీద మనిషి లేడు. అరుగు ఖాళీగా ఉంటే షట్టరు బిగించి దాన్నీ కొట్లో కలుపుకున్నారు. ఆఖరికి మున్సిపల్ ఆఫీసు కూడా మూటాముల్లె సర్దుకుని ఆశీల్‌మెట్ట వైపు పోయింది. ముందు వదిలిపోయినవారే ఇప్పుడొచ్చి పాత ఊరికి ప్రాణం పోస్తామంటున్నారు. పొయ్యండి నాయనా, ఎవరొద్దన్నారు!

పొయ్యడమైనా తెలిసి పొయ్యాలి కదా. పాత గోడలు గానుగ సున్నంతో లేచినవి. సున్నం, ఇసక గానుగలో రుబ్బి, కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపి వాడేవారు. ఆ గోడ లోపలి తేమని మెల్లగా బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూశారనుకోండి, ఎండాకాలం మనిషికి ప్లాస్టిక్ కోటు తొడిగినట్టే. తేమ లోపలే చిక్కి, ఉప్పు పొంగి, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. రెండు వానాకాలాలకి పూత పెచ్చులూడితే "పాత బిల్డింగు కదా, ఇంకేం నిలుస్తుంది, పడగొట్టండి" అంటాడు కాంట్రాక్టరు. సముద్రపు గాలికి కొత్త అపార్టుమెంట్లలో ఇనపచువ్వలు తుప్పు పట్టి స్లాబులు చిట్లుతున్నాయి, అది మాత్రం ఆయనకి కనపడదు. ఉక్కు తయారుచేసే ఊళ్లో ఉక్కు మేడలకన్నా సున్నపు గోడలే గట్టిగా ఉన్నాయంటే నమ్మేవాడెవడు? సున్నప్పని తెలిసిన మేస్త్రీలు ఇద్దరో ముగ్గురో మిగిలితే వాళ్ల దగ్గర పిల్లల్ని పెట్టి నేర్పించమనండి. టెండరులో దానికో గడి ఉండదు.

పాతది ఎలా బతుకుతుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు, బురుజుపేట రండి. కనకమహాలక్ష్మి అమ్మవారికి గర్భగుడి లేదు, నెత్తిన కప్పు లేదు. 1912లో అమ్మవారు బావిలో దొరికిందంటారు. రోడ్డు వెడల్పు చెయ్యాలని మున్సిపాలిటీ వాళ్లు పక్కకి జరిపితే 1917లో ఊరికి ప్లేగు తగిలిందనీ, మళ్లీ పాతచోట పెట్టాకనే తగ్గిందనీ మా మామ్మ చెప్పేది. ఇంజనీర్లు నమ్మకపోతే పోనీండి. పాత ఊళ్లో ఒక్క రాయి కదిపేముందు ఆ వీధివాళ్లని అడగమని ఆ కథ చెప్తుంది, నాకది చాలు. రాత్రీ పగలూ తలుపు మూయరు. ఎవరికి వారే పసుపు రాసి, కుంకుమ పెట్టి, చేత్తో తాకి దండం పెట్టుకుంటారు. మార్గశిర గురువారాలొస్తే మధురవాడ నుంచి, గాజువాక నుంచి కూడా ఈ ఇరుకు సందులకే జనం. పార్కింగు లేదని ఆగారా?

బడులూ అంతే. సెయింట్ అలోషియస్ 1847 నుంచి ఉంది. సి.వి. రామన్ అక్కడే చదివాడు, వాళ్ల నాన్నగారు ఎ.వి.ఎన్. కాలేజీలో పాఠాలు చెప్పారు. శ్రీశ్రీ 1935లో అదే కాలేజీలో డిమాన్‌స్ట్రేటరు. ఆ గోడలు నిలిచింది గొప్పవాళ్ల పేర్లతో కాదు. ఏటేటా పిల్లలు వస్తున్నారు, పిల్లలొస్తున్నారు గనక ఎవరో ఒకరు పైకప్పు సంగతి చూస్తున్నారు.

అలాగని మా రోజులన్నీ బంగారమని నేననను. మనుషుల మలాన్ని మనుషులు నెత్తిన మోసిన రోజులవి. మోసినవాళ్ల పేటకే కుళాయి ఆఖర్న వచ్చింది. ఒక్క గదిలో పదిమంది కాపురం, కుళాయి దగ్గర బిందెల కొట్లాట. ఈ ఊళ్లోనే నల్లకోటు వేసుకుని కోర్టుకెళ్లిన రాచకొండ విశ్వనాథశాస్త్రి గారి సారా కథలు చదవండి, పాత పట్నం మీద మోజు సగం దిగిపోతుంది. కాబట్టి ఉన్నదున్నట్టు గాజు పెట్టెలో పెట్టమని నేను అడగడం లేదు. మురుక్కాలవలు మార్చండి, రేవులో నేలబొగ్గూ ఇనుప ఖనిజమూ రేపే ధూళి ఆపండి. ఇక్కడ ఆరేసిన బట్ట మడత పెట్టేలోగా మసిబారుతుంది. దగ్గు మందు కొనుక్కునే ఇంటికి హెరిటేజ్ బోర్డు తగిలిస్తే ఏం ఒరుగుతుంది?

పొరుగువాళ్లని చూసైనా నేర్చుకోవచ్చు. పుదుచ్చేరిలో తమిళుల పేటలో వైశ్యాల్ వీధి ఉంది. అక్కడ ఇన్‌టాక్, ప్రభుత్వం కలిసి ఇళ్ల ముఖద్వారాలు, అరుగులు, వీధివైపు వాలు పంచలు బాగుచేయించాయి. ఖర్చులో వాటా భరించాయి. ఇంటివాళ్లు ఇంట్లోనే ఉన్నారు, వీధి మొత్తం ఒక్క తీరున లేచింది. మలేషియాలో పినాంగ్‌ది ఇంకో రకం పాఠం. అక్కడ పాత ఇళ్లకి అద్దె పెంచకుండా ఉన్న చట్టం 2000లో తొలగింది. 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది. గోడలన్నీ తళతళలాడాయి గానీ ఆ గోడల మధ్య తరాలుగా బతికిన చిన్న వర్తకులు, చేతిపనివాళ్లు చాలామంది అద్దె కట్టలేక తరలిపోయారు. వాళ్లున్నచోట హోటళ్లు, కాఫీ దుకాణాలు వెలిశాయి. మన మెయిన్ రోడ్డుకి ఏ గతి పట్టాలో ఇప్పుడే తేల్చుకోవాలి. కరక్కాయలమ్మే కొట్టు పోయి రెండొందల రూపాయల కాఫీ వస్తే దాన్ని నేను ఉద్ధరణ అనను.

2023లో పోర్టులో క్రూయిజ్ టెర్మినల్ తెరిచారు. ఓడ దిగే పరదేశీకి మూడు కొండలు ఎదురుగా కనపడతాయి: ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకన్న గుడి. ఆ గుడిని 1866లో ఒక ఆంగ్లేయ కెప్టెన్ కట్టించాడని చెప్తారు. అంతకన్నా గొప్ప స్వాగతం ఏ ఊరిస్తుంది? దిగినవాణ్ణి ఏసీ బస్సెక్కించి బీచికి తోలెయ్యకుండా ఈ సందుల్లో నడిపించండి. నడిపిస్తే కొనడానికేదో ఉండాలి కదా. ఒకప్పుడు మన కంసాలులు దంతం పొదిగి చేసిన పెట్టెలూ కుర్చీలూ లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. దంతం ముట్టుకోవడం ఇప్పుడు నేరం, న్యాయమే. చెక్కపని నేరం కాదుగా! ఏటికొప్పాక లక్కబొమ్మల వాళ్లకి, వడ్రంగులకి, కంసాలులకి ఆ బాగుచేసిన మేడల్లో కింద గదులు తక్కువ అద్దెకివ్వండి. మీద గదుల్లో కాపురాలు ఉండనివ్వండి. రాత్రి దీపం వెలిగే కిటికీలుంటేనే వీధిలో ఆడపిల్ల ధైర్యంగా నడుస్తుంది.

ఇల్లుగలవాడి గోడు కూడా వినండి. అన్నదమ్ములు నలుగురు, వాటాలు పదహారు, అద్దె నామమాత్రం. వాడు మేడ నిలబెట్టుకోవాలంటే పన్ను తగ్గించాలి, సున్నప్పనికి సాయం చెయ్యాలి, మేడ ఎత్తు పెంచుకోలేని నష్టానికి ఇంకోచోట కట్టుకునే హక్కివ్వాలి. ఊరికే "పడగొడితే కేసు పెడతాం" అంటే వాడు వానకి పడిపోయేదాకా ఎదురుచూస్తాడు. పడిపోయాక కేసెవరి మీద పెడతారు?

ఇవన్నీ ఖర్చుతో కూడిన పనులంటారా? సరే, రూపాయి ఖర్చు లేనిది ఒకటి చెప్తాను. కార్పొరేషన్ కౌన్సిల్ మీటింగు నెలకోసారి ఆశీల్‌మెట్టలో కాకుండా టౌన్‌హాల్లో పెట్టండి. ఫ్యాన్లు చాలు, ఏసీలొద్దు, కిటికీలు తెరిచే ఉంచండి. సాయంత్రం ఇంటికెళ్లేసరికి కార్పొరేటర్ల తెల్లచొక్కాలు బూడిద రంగుకి తిరుగుతాయి. మర్నెల అజెండాలో ధూళి సంగతి మొదటికొస్తుంది.