కొండ మాది, నీళ్లు మద్రాసువి

ఈ కాలం పిల్లలకి ఊరు చూడాలంటే ఊరికి రానక్కర్లేదు, ఫోన్లో చూసేస్తారు. ఆ చూసేదైనా సరిగ్గా చూస్తారా అంటే అదీ లేదు. "తాతా, మన సోమశిలలో కృష్ణమ్మ మీద లాంచీ తిప్పుతున్నారంటగా" అన్నాడు హైదరాబాదులో ఉద్యోగం చేసుకునే మనవడు. అది కొల్లాపూర్ దగ్గరి సోమశిలరా నాయనా, తెలంగాణలోది. మనది నెల్లూరు జిల్లాలో, పెన్న ఒడ్డున. అక్కడా సోమేశ్వరుడే, ఇక్కడా సోమేశ్వరుడే గానీ, మధ్యలో నల్లమల అడ్డముంది. మా రోజుల్లో పటంలో సొంత ఊరు చూపించలేని పిల్లాణ్ణి బెంచీ ఎక్కించేవాళ్లు.

సరే, చెప్పేవాళ్లు లేరు కాబట్టి నేనే చెబుతా. కన్నడదేశంలో నంది కొండల దగ్గర పుట్టిన పెన్న, చిత్రావతిని, పాపాఘ్నిని, కుందూని, సగిలేటిని, చెయ్యేటిని కలుపుకుని వస్తుంది. కడప జిల్లాకీ మనకీ నడుమ వెలిగొండలు నిలబడి ఉంటాయి. వాటిని కోసుకుని నది ఇవతలికి వచ్చే సందే సోమశిల. ఆ సందుకి అడ్డంగా ఆనకట్ట కట్టారు. నిండితే 78 టీఎంసీలు. ఇప్పుడు కార్లేసుకొచ్చి, గేట్ల ముందు ఫొటో దిగి, బిర్యానీ పొట్లాలు అక్కడే పారేసి పోయేవాళ్లకి ఈ నీళ్ల కింద కడప వైపు పల్లెలెన్నో మునిగాయని తెలుసా? మా రోజుల్లో పెన్న అంటే ఏడాదిలో ఎక్కువ నాళ్లు ఇసకే. చెలమ తవ్వుకుని, తేట నీళ్లు ఊరిందాకా కూర్చుని, ముంతతో తోడుకునేవాళ్లం. ఓపిక అక్కడే నేర్చుకున్నాం. ఇప్పుడు సీసా మూత తియ్యడానికే ఓపిక లేదు.

మా రోజుల్లో నది అంటే భయమూ ఉండేది, ఇప్పుడదీ లేదు. 2021 నవంబరులో చెయ్యేటి మీద అన్నమయ్య డ్యామ్ కట్ట తెగి ఆ వరదంతా సోమశిల మీద పడ్డప్పుడు, కింద ఒడ్డునున్న సోమేశ్వరుడి గుడి దెబ్బతింది. ఆ వారం టీవీలో చూపించారు. పై వారం మర్చిపోయారు.

సోమశిలకి ఉత్తరంగా, అదే కొండల వరసలో ఉదయగిరి. ఇప్పుడు చూస్తే ఒక బస్టాండు, నాలుగు బజార్లు, ఎండ. నెల్లూరి నుంచి దాదాపు వంద కిలోమీటర్లు కాబట్టి ఏ ఆఫీసరూ ఊరికే రాడు. కానీ తలెత్తి దుర్గం వైపు చూడండి. 3,079 అడుగుల ఎత్తు. కొండ మీద ఎనిమిది కోటలు, కింద అయిదు, వెరసి పదమూడు. 1513లో కృష్ణదేవరాయలంతటివాడు గజపతుల చేతిలోని ఈ కోట కింద దిగి, ఏడాదిన్నర కూర్చున్నాడు. కొండరాళ్లు పగలగొట్టించి దారులు చేయిస్తే తప్ప పైకెక్కలేకపోయాడని గుర్రాల వ్యాపారి నూనిజ్ రాసిపెట్టాడు. ఆ తర్వాత గోల్కొండవాళ్లు వచ్చారు, మసీదులు కట్టారు. 1839లో కర్నూలు నవాబుతో కలిసి కుంపిణీ మీద కుట్ర పన్నాడని ఇక్కడి జాగీర్దారుని చెంగల్పట్టు పంపించేశారు. ఇంత కథ ఉన్న ఊరికి, కొండెక్కే మెట్లు సరిగ్గా లేవు.

నీరు పల్లమెరుగు అంటారు. మా దగ్గర నీరొక్కటే కాదు, దేవుడు కూడా పల్లానికే పోతాడు. 1514లో కోట గెలిచిన రాయలవారు ఉత్త చేతుల్తో పోయాడా? కొండమీది బాలకృష్ణుణ్ణి పట్టుకుపోయి, మరుసటి సంవత్సరం హంపీలో గుడి కట్టించి కూర్చోబెట్టాడు. ఆ స్వామి ఇప్పుడు హంపీలోనూ లేడు, మద్రాసు మ్యూజియంలో ఉన్నాడు. ఆయన వెనకాలే నీళ్లూ పోయాయి. 1983లో రామారావూ, ఎమ్జీఆరూ ఒప్పందం రాసుకున్నారు. శ్రీశైలం కృష్ణ నీళ్లు వెలుగోడు, బ్రహ్మంగారిమఠం దాటి సోమశిలలో దిగి, కండలేరు మీదుగా మద్రాసుకి నీళ్లిచ్చే పూండి చెరువుకి పోతాయి. 1996లో మొదటిసారి చేరాయి. దాహానికి నీళ్లిస్తే పుణ్యమే, నేను వద్దనను. కానీ అంత దూరానికి దారి తెలిసిన నీళ్లకి, పక్కనున్న ఉదయగిరి మెట్టకి ఎక్కడం మాత్రం తెలియలేదు.

కట్టేవాళ్లు లేకనా అంటే, ఈ ఊరివాళ్లే ఒకప్పుడు కట్టి చూపించారు. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఉదయగిరి నుంచి ఏలుతూ, 1369 నాటికి పోరుమామిళ్లలో పెద్ద చెరువు కట్టించాడు. రోజుకి వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. శాసనంలో ఇవన్నీ చెక్కించాడు. అంతటితో ఆగలేదు. మంచి చెరువుకి ఉండవలసిన అంగాలు పన్నెండనీ, దోషాలు ఆరనీ లెక్క చెప్పాడు. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువుండటం ఒక దోషమట. రాష్ట్రాల నీళ్ల తగాదాలు ఇన్ని చూశాక ఆయన తెలివికి దణ్ణం పెట్టబుద్ధవుతుంది.

ఇక మా కాలం ఘనత వినండి. శ్రీశైలం నీళ్లు కొండ తొలిచి ఇటు తెస్తామని వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన చేశారు. ప్రకాశానికీ, కడప అంచుకీ, మా ఉదయగిరికీ ఆశ పెట్టారు. సొరంగాల్ని జాతికి అంకితం చేసింది 2024లో. "చెరువుకీ, పద్దెనిమిది కిలోమీటర్ల పైచిలుకు సొరంగానికీ పోలికేంది తాతా" అంటాడు మనవడు. పోలిక లేదు నిజమే. భవదూరుడికి బండ్లే ఉన్నాయి, వీళ్లకి యంత్రాలున్నాయి!

కొండ దిగిపోనిది మా ఉదయగిరిలో ఒక్కటే మిగిలింది, కొయ్య గరిటెల పని. నర్ది, బిక్కి, దేవదారి కొయ్య తెచ్చి, చెక్కి, నునుపు చేసి, చెంచాలూ గరిటెలూ ఫోర్కులూ చేస్తారు. జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మా రోజుల్లో పెళ్లికూతురి సామాన్లో కొయ్య గరిటె తప్పనిసరి. ఇప్పుడు ప్లాస్టిక్ గరిటె మూకుట్లో కరిగి కూరలో కలిసినా ఎవరికీ పట్టదు.

అందుకని సోమశిల చూడ్డానికి వచ్చేవాళ్లకి ఒకటే మాట. గేట్ల దగ్గర ఫొటో అయ్యాక బండి అక్కణ్ణుంచే వెనక్కి తిప్పకండి, ఉదయగిరి దాకా పొండి. దుర్గం ఎక్కలేకపోతే కింద నిలబడైనా చూడండి. బజారులో నాలుగు గరిటెలు కొనండి. మాల్‌లో చెప్పిన ధరకి నోరెత్తకుండా ఇచ్చేవాళ్లు, ఇక్కడ కూర్చుని చెక్కిన మనిషి దగ్గర పది రూపాయలకి బేరమాడకండి.