కోణానిది ఏ పాదం?

పాదమన్న మాట కాలికీ, పద్యంలోని వరుసకూ, నక్షత్రంలో నాలుగో వంతుకూ చెల్లుతుండగా, అడ్డంగా ఎక్స్ అక్షమూ నిలువుగా వై అక్షమూ ఖండించుకొని తలాన్ని నాలుగు చేసినప్పుడు ఏర్పడే ఒక్కొక్క భాగానికీ గణితంలో అదే పేరు స్థిరపడినందువల్ల, ఫలానా కోణానిది ఏ పాదమన్న ప్రశ్న పెళ్ళి సంబంధం విచారిస్తున్నట్లే వినిపిస్తుంది. జాతకానికి పంచాంగం కావాలి గానీ కోణానికి భాగహారం చాలు.

కుడివైపు ఎక్స్ అక్షం నుంచి గడియారపు ముల్లుకు ఎదురుదిశలో కొలిచిన కోణం ధనాత్మకమనీ, ముల్లు వెంట కొలిచినది రుణాత్మకమనీ నియమం కనుక, గుడి ప్రదక్షిణ, పుణ్యం సంగతి ఎలా ఉన్నా, కోణంగా రుణమే. చిలుకూరు బాలాజీ ఆలయంలో కోరిక తీరినవారు చేసే 108 ప్రదక్షిణలు రుణ 38,880 డిగ్రీలు. అయితే పాదం తేల్చడానికి పూర్తి చుట్లను, అనగా 360 గుణిజాలను, తొలగించి మిగిలినదాన్నే చూస్తారు గనుక ఇక్కడ మిగిలేది సున్న, కాబట్టి అన్ని చుట్లు తిరిగి కాళ్ళు లాగుతున్నవారికీ ధ్వజస్తంభం దగ్గరే నిలబడి కబుర్లాడినవారికీ త్రికోణమితి ఏ భేదమూ పాటించదు. పైగా సున్నకు పాదమే లేదు. 90, 180, 270 డిగ్రీల వలె అదీ అక్షం మీదనే నిలిచే గోడమీది పిల్లి. 1000 డిగ్రీలు మాత్రం రెండు చుట్లు పోగా 280 మిగిలి నాలుగో పాదానికి చేరతాయి. రుణ 500కు రెండు చుట్లు కలిపితే 220 వచ్చి మూడో పాదం తేలుతుంది.

చిక్కంతా డిగ్రీ గుర్తుతోనే. వ్యాసార్ధమంత పొడవున్న చాపం వృత్తకేంద్రం దగ్గర చేసే కోణం రేడియన్, అంటే సుమారు 57.3 డిగ్రీలు. 5 డిగ్రీలు మొదటి పాదంలో నిక్షేపంగా ఉంటాయి. నెత్తిన ఆ చిన్న సున్న చుట్టడం మరచి ఒట్టి 5 అని రాస్తే అది రేడియన్ల లెక్కలోకి పోయి, దాదాపు 286 డిగ్రీలై, నాలుగో పాదంలో తేలుతుంది. బొట్టు పెట్టుకోలేదని ఇల్లే మార్చేసే ఇంత కఠిన శాసనం మరే శాస్త్రంలోనూ కనబడదు.

పాదం తెలిస్తే ఒరిగేది సైన్, కాస్, టాన్ విలువల ధన రుణ గుర్తు. 499 నాటి ఆర్యభటీయంలో ఆర్యభటుడు వరుస సైన్ విలువల మధ్య తేడాలను 24 మాత్రమే చెప్పి 90 డిగ్రీల దగ్గర ఆగిపోయాడు, ఎందుకంటే తక్కిన పాదాల్లో వచ్చేవీ ఆ విలువలే, ధన రుణ గుర్తులే వేరు. ఏ పాదంలో ఏది ధనమో జ్ఞాపకముంచుకోవడానికి ఇంటర్ తరగతుల్లో ‘ఆల్ సిల్వర్ టీ కప్స్’ అన్న మంత్రం వాడుకలో ఉన్నది: మొదట అన్నీ, తరువాత సైన్, ఆపైన టాన్, చివర కాస్. దీన్ని జపించే విద్యార్థులు టీ తాగేది మాత్రం కాగితపు కప్పుల్లోనే.