వాడని కరెంటుకు కట్టే క్రమశిక్షణ

బ్రిటన్‌లో స్థిరపడిన మనవాళ్లు అక్కడి గొప్పలు చెప్పేటప్పుడు రైళ్ల తర్వాత, కొళాయి నీళ్ల కంటే ముందు, కరెంటు బిల్లు వస్తుంది. అక్కడ మీటరు చూసేవాడు గేటు దగ్గర నిలబడి కేకేయడు. బిల్లు చీటీ తలుపు సందులో ఇరికించి పోడు. గడువు దాటితే ఫ్యూజు పీకేస్తానని లైన్‌మన్ బెదిరించడు. నెలకో తేదీన, మనం నిద్రలో ఉండగానే, బ్యాంకు ఖాతాలోంచి నూట యాభై పౌండ్లు వాటంతటవే వెళ్లిపోతాయి. దాన్ని నెలవారీ డైరెక్ట్ డెబిట్ అంటారు. ఇంతా చెప్పాక, పోయిన నెల ఎన్ని యూనిట్లు కాలాయండీ అని అడిగి చూడండి. జవాబు రాదు. తెలుసుకోవాల్సిన అవసరమే లేకపోవడం అభివృద్ధికి గుర్తట. తెనాలిలో నలభై రూపాయలు ఎక్కువ పడిందని మీటరు రీడరుతో అరగంట వాదించిన మనిషి, మిల్టన్ కీన్స్‌కు వెళ్లేసరికి ఎంత వాడాడో తెలియకుండా డబ్బు కట్టడాన్ని సంస్కారంగా నేర్చుకుంటాడు.

దీని లెక్క చాలా చిన్నది. ఒక ఇంటికి కరెంటూ గ్యాసూ కలిపి ఏడాదికి పద్ధెనిమిది వందల పౌండ్లవుతుందని కంపెనీ అంచనా వేసిందనుకుందాం. పన్నెండుతో భాగించి నెలకు నూట యాభై గుంజుతుంది. అక్కడ ఖర్చంతా చలికాలపు హీటింగుది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నెలకు ఎనభై పౌండ్ల వాడకమే ఉందనుకుంటే, సెప్టెంబరు చివరికి నాలుగు వందల ఇరవై పౌండ్లు మన ఖాతాలో ‘క్రెడిట్’గా పోగుపడతాయి. మన ఖాతాలో అన్నది మర్యాదకు. ఆ డబ్బుండేది కంపెనీ చేతిలో. చిట్టీ వేసిన ప్రతివాడికీ ఈ ఏర్పాటు సులువుగానే అర్థమవుతుంది: ప్రతి ఏడూ మొదటి పాట నిర్వాహకుడిదే, తేడా ఏమిటంటే డివిడెండు ఉండదు. కానీ మనవాళ్లు దీన్ని చిట్టీ అనరు, ‘బడ్జెటింగ్’ అంటారు.

ఈ డైరెక్ట్ డెబిట్ పుట్టుక తెలిస్తే వినోదం ఇంకా పెరుగుతుంది. 1960లలో యూనిలీవర్‌లో పనిచేసిన అలస్టైర్ హాంటన్ అనే ఆయన దీన్ని కనిపెట్టాడు. ఐస్‌క్రీమ్ అమ్మే దుకాణాల నుంచి బాకీ వసూలు చేయడం ఆయన ముందున్న సమస్య. నెలనెలా ఒకే మొత్తం పంపే స్టాండింగ్ ఆర్డర్ అప్పటికే బ్యాంకుల్లో ఉంది. కానీ ఐస్‌క్రీమ్ ఎండ కాసినప్పుడు ఒకలా, వాన పడినప్పుడు ఒకలా అమ్ముడవుతుంది. అందుకని, బాకీ ఎంతుంటే అంత రాబట్టుకునే అధికారం అమ్మినవాడికి ఇచ్చే పద్ధతి కావలసి వచ్చింది. అంటే మారే మొత్తాన్ని వసూలు చేయడానికే పుట్టిన పనిముట్టు ఇది. కరెంటు కూడా అచ్చంగా రుతువును బట్టి మారే సరుకే. అయినా ఆ పనిముట్టును పట్టుకుని, నెలనెలా మారని మొత్తాన్ని, అదీ అంచనా మీద వసూలు చేస్తున్నారు.

ఇదంతా చిల్లర గొడవ అని కొట్టిపారేయడానికి లేదు. బ్రిటన్ ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ 2021 మార్చిలో తనే ఒక లెక్క చెప్పింది: ఒక్క 2018 అక్టోబరులోనే దాదాపు 140 కోట్ల పౌండ్ల మిగులును, అంటే ఇంటికి సుమారు 65 పౌండ్లను, వినియోగదారులకు తిరిగి ఇచ్చి ఉండవచ్చు. ఏడాదికోసారి ఆ మిగులును అడగకుండానే వెనక్కి ఇచ్చేయాలని ప్రతిపాదించింది కూడా. కొన్ని నెలలకే గ్యాసు ధర ఆకాశానికెక్కింది, చిన్న కంపెనీలు వరసపెట్టి కూలాయి. పదిహేను లక్షల ఇళ్లకు సరఫరా చేస్తున్న బల్బ్ అనే కంపెనీని నవంబరులో ప్రత్యేక పాలన కిందికి తేవాల్సి వచ్చింది. ప్రజలు ముందుగా కట్టిన డబ్బును కొన్ని కంపెనీలు వ్యాపార పెట్టుబడిగా వాడుకున్నాయన్నది అప్పుడు బయటపడింది. అత్త సొమ్ము, అల్లుడి దానం. ఆ డబ్బేం పోలేదు కదా, కొత్త కంపెనీకి బదిలీ అయింది కదా అంటారు. నిజమే, బదిలీ అయింది. ఎవరి ఖర్చుతో? బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం, బల్బ్ కాక కూలిన 28 కంపెనీల భారం 270 కోట్ల పౌండ్లు, ఇంటికి 94 పౌండ్ల చొప్పున అందరి బిల్లుల్లోనూ పడింది. మునిగిన కంపెనీ పేరు కూడా వినని ఇల్లాలు సైతం తన వాటా కట్టింది. తిలాపాపం తలా పిడికెడు.

ఇక సమర్థకుల మాట. చలికాలంలో ఒక్కసారిగా మూడు వందల బిల్లొస్తే సామాన్యుడు తట్టుకోగలడా అన్నది మొదటి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. నెల జీతంలో పౌండూ మిగలని ఇంటికి ఈ సర్దుబాటు నిజంగానే ఆసరా. అక్టోబరులో కనెక్షన్ తీసుకున్నవాడికి తొలి చలికాలం కంపెనీయే అప్పు పెడుతుందన్నదీ నిజమే. అయితే ఆ అప్పు తీరు వేరు. మనం బాకీపడతామన్న అనుమానం రాగానే నెల మొత్తం పెంచుతూ ఉత్తరం వస్తుంది. 2022 వసంతంలో ఐదు లక్షలకు పైగా ఇళ్లకు డెబిట్ రెట్టింపు దాటిందని ఆఫ్‌జెమ్ పరిశీలనలోనే తేలింది. కంపెనీ మనకు బాకీపడితే మాత్రం సమీక్ష నిదానంగా, వార్షికోత్సవంలా వస్తుంది. అడిగితే తిరిగి ఇవ్వాలని నిబంధన ఉంది. కానీ ఈ పద్ధతి గొప్పంతా అడగాల్సిన పని లేకపోవడమే కదా!

రెండో వాదం తగ్గింపుది. బిల్లు వచ్చాక కట్టేవారి కంటే డైరెక్ట్ డెబిట్ వారికి ఏడాదికి వంద పౌండ్లకు పైగా తక్కువ పడుతుంది. వసూలు ఖర్చు, ఎగవేత భయం తగ్గుతాయి కాబట్టి ఆ తగ్గింపు సబబే. కాకపోతే ఆ రెండూ తగ్గేది బ్యాంకు నుంచి నేరుగా తీసుకోవడం వల్ల, అంచనా మొత్తం తీసుకోవడం వల్ల కాదు. మీటరు చూసి, వాడినంతకే అదే బ్యాంకు నుంచి అదే డెబిట్ చేయవచ్చు. కొన్ని కంపెనీలు అలా చేస్తాయి కూడా, గట్టిగా అడిగినవాళ్లకు. సౌకర్యానికి పుట్టిన తగ్గింపును చూపించి మన చేత కంపెనీకి అప్పు ఇప్పించడమే ఇందులోని నేర్పు. స్మార్ట్ మీటరు ఉందిగా, అంచనా ఎందుకు తప్పుతుందని అడిగేవారికి ఒక్క ముక్క: 2023 చివరికి సుమారు 40 లక్షల స్మార్ట్ మీటర్లు రీడింగు పంపడం మానేసి గోడకు అలంకారంగా మిగిలాయని ప్రభుత్వ లెక్కే చెప్పింది.

ఇక్కడే మన వెనకబాటుతనం ఒకటి ఒప్పుకోవాలి. మన డిస్కంలూ ముందస్తుగా డబ్బు పట్టుకుంటాయి. 2023 మొదట్లో తెలంగాణలో ఏసీడీ పేరుతో అదనపు డిపాజిట్ అడిగితే జనం రోడ్డెక్కారు. కానీ 2003 విద్యుత్ చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఆ డిపాజిట్‌కు కనీసం బ్యాంకు రేటున వడ్డీ ఇవ్వాలి, దాన్ని బిల్లులో సర్దుతారు. మన డిస్కంలు సత్యహరిశ్చంద్రులని ఎవరూ అనడం లేదు. అయినా పట్టుకున్న డబ్బును డిపాజిట్ అనే పిలిచి, వడ్డీ బాకీ ఉన్నామని కాగితం మీద ఒప్పుకున్నాయి. అక్కడి క్రెడిట్‌కు వడ్డీ ఇవ్వాలన్న చట్టమే లేదు.

ఈ భారం అందరికంటే ఎక్కువ పడేది నిలకడ లేని అద్దెదారు మీద. చదువుకో, రెండేళ్ల ఉద్యోగానికో వెళ్లినవాడు సాధారణంగా వేసవి చివర ఇల్లు మారతాడు, అంటే మిగులు పతాకస్థాయిలో ఉన్నప్పుడు. నెల రోజులు గుంటూరు వచ్చి అక్కడి ఇంటికి తాళం వేసినా, వాడినా వాడకపోయినా రోజుకు యాభై పెన్నీలకు పైబడి పడే స్టాండింగ్ చార్జీ, దాంతోపాటు డెబిట్ ఆగవు. చివరి బిల్లు ఆరు వారాల్లో, మిగులు ఆపై పది పనిదినాల్లో రావాలని నియమం. అప్పటికి మనిషి దేశం దాటేసి ఉంటాడు, బ్యాంకు ఖాతా కూడా మూసేసి ఉంటాడు. డబ్బు తీసుకోవడానికి నెలనెలా తేదీ తప్పని కంపెనీ, ఇవ్వాల్సి వచ్చినప్పుడు పాత అడ్రసుకు చెక్కు రాస్తుంది. దాన్ని ఇప్పుడా ఇంట్లో అద్దెకున్న ఇంకో తెలుగు కుర్రాడు, అప్పుడే తన మొదటి నూట యాభై కట్టినవాడు, చింపకుండా పక్కన పెడితే అదృష్టమే.