దిష్టిబొమ్మ ఉద్యోగం

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర తలెత్తితే చాలు, ఏదో ఒక ఫ్లెక్సీ మీద వాడు కనిపిస్తాడు. హుడీ ముఖం మీదికి లాక్కున్న కుర్రాడు, వెనక జడివానలా కురిసే పచ్చ అంకెలు, కింద ‘3 నెలల్లో ఎథికల్ హ్యాకర్’. ఆ బొమ్మ చూసే నేనూ ఫీజు కట్టాను. ఇన్నేళ్లలో నాకు హుడీ అవసరపడింది ఒక్కందుకే: రాత్రి షిఫ్టులో ఏసీ మరీ చలి.

పేరుకి సెక్యూరిటీ ఆపరేషన్స్. చేసేది టికెట్ల పని. కండక్టర్ టికెట్లు కొడతాడు, నేను టికెట్లు మూస్తాను, అంతే తేడా. మొన్న తెల్లవారుజామున మూడింటికి తెర ఎర్రబడింది. ఒకే ఉద్యోగి పది నిమిషాల తేడాతో హైదరాబాద్‌లోనూ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనూ లాగిన్ అయ్యాడట. పావుగంటలో తేల్చకపోతే క్లయింటుకిచ్చిన గడువు (ఎస్‌ఎల్‌ఏ) దాటిపోతుంది. లాగ్‌లన్నీ తిరగేశాను. షిఫ్ట్ లీడ్‌ని లేపాను, ఆయన ఆ ఉద్యోగిని లేపాడు. పాపం, ఏదో వెబ్ సిరీస్ కోసం ఫోన్లో ఫ్రాంక్‌ఫర్ట్ వీపీఎన్ పెట్టుకుని, తీయడం మర్చిపోయి గుర్రు పెడుతున్నాడు. ‘ఫాల్స్ పాజిటివ్’ అని రాసి మూసేసరికి క్యూలో ఇంకో నలభై.

పొద్దున ఇంటికొచ్చి కళ్లు మూసుకోగానే బాబాయి ఫోన్. "ఒరేయ్, పిన్ని ఫేస్‌బుక్ పాస్‌వర్డ్ మర్చిపోయింది. కాస్త హ్యాక్ చేసి పెట్టు నాన్నా!"

మరి దొంగలు రారా? ఎందుకు రారు! తాళం వేయండి మహాప్రభో అని మేం మొత్తుకున్న తలుపులోంచే దర్జాగా వస్తారు. ఆ తలుపుల చిట్టా మా దగ్గర ఎక్సెల్‌లో ఉంటుంది. ఫలానా సర్వర్‌లో కంత పూడ్చే ప్యాచ్ వేయాలి; క్వార్టర్ ఎండింగ్, ఇప్పుడు ఆపలేం. ఫలానా పాత సాఫ్ట్‌వేర్ తీసేయాలి, బడ్జెట్ లేదు. ఆఫీసు పెద్దాయనకి లాగిన్‌లో ఓటీపీ పెట్టాలి, ఆయనకి చిరాకు. ప్రతి వరుస చివరా ఒకే మంత్రం: ‘రిస్క్ యాక్సెప్టెడ్’. ఒప్పుకునేవాడు ఒకడు, అనుభవించేవాడు ఇంకొకడు. (ఫిషింగ్ పరీక్ష కోసం ‘దీపావళి బోనస్ వివరాలు’ అని మేమే ఉత్తుత్తి మెయిల్ పంపితే, మొదట నొక్కింది కూడా ఆ పెద్దాయనే.)

ఇదేదో మన ఊరి జబ్బనుకునేరు. అమెరికాలో ఈక్విఫ్యాక్స్ అని జనం అప్పుల లెక్కలు రాసుకునే సంస్థ ఉంది. 2017 మార్చిలోనే ప్యాచ్ వచ్చింది, వాళ్లు వేయలేదు, మే నెలలో దొంగలు దూరారు. దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. అక్టోబర్‌లో మాజీ సీఈఓ వాళ్ల కాంగ్రెస్ ముందు కూర్చుని ఏం సెలవిచ్చాడయ్యా అంటే, ప్యాచ్ సంగతి చెప్పాల్సిన ఉద్యోగి ఒకడు చెప్పలేదట, ఆపైన స్కానర్ కూడా పట్టుకోలేదట. అంత పెద్ద కొంపకి ఒకే ఒక్క తాళంచెవి, అదీ ఓ ఉద్యోగి మెడలో! 2021లో సోలార్‌విండ్స్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ వంతు. ‘సోలార్‌విండ్స్123’ అనే పాస్‌వర్డ్ బయటపడితే, అక్కడి మాజీ సీఈఓ అది ఓ ఇంటర్న్ చేసిన తప్పన్నాడు. ఇంటర్న్! ఇంకా నయం, ఆఫీసులో టీ ఇచ్చే కుర్రాడి దాకా రాలేదు.

అప్పుడు అర్థమైంది నాకు, నా కొలువేమిటో. ఇల్లు కడుతుంటే ముందు వేలాడదీస్తారే, గుడ్లు మిటకరించి నాలుక చాపిన బొమ్మ, అది. సిమెంటు ఎంత కలిపారని దాన్నెవడూ అడగడు, ఇసుక కొనేటప్పుడు దానితో చెప్పడు. గోడ కూలిన రోజు మాత్రం అందరి చూపూ దాని మీదే.

ఆ మధ్య మా జాతి అంతా ఒక్కసారి వెలుగులోకి వచ్చిన మాటా నిజమే. 2024 జులై 19న విమానాలు ఆగాయి, ఆస్పత్రుల్లో పనులు నిలిచాయి, 85 లక్షల విండోస్ యంత్రాలు నీలం ముఖాలు వేశాయి. దొంగలెవరూ రాలేదు. కాపలా కోసం పెట్టుకున్న క్రౌడ్‌స్ట్రైక్ తప్పుడు అప్‌డేట్ పంపింది. ఆ వారమంతా బాబాయి నాతో మాట్లాడలేదు.

పోయిన నెల ఆడిట్‌కి ముందు మళ్లీ ఆ ఎక్సెల్ తెరిచాను. పెద్దాయన ఓటీపీ మినహాయింపు వరుసలో, వద్దని నేను రాసిన మూడు మెయిళ్ల ప్రస్తావన ఎక్కడా లేదు. పక్కన ‘రిస్క్ ఓనర్’ అన్న గడిలో నా పేరుంది, స్పెల్లింగ్ తప్పు లేకుండా. ఆడిటర్ పెన్ను చాపాడు. ఆలస్యమైతే క్యాబ్ దొరకడం కష్టమని గబగబా సంతకం పెట్టేశాను.