నన్ను కంటికి పెట్టుకోని రోజు

నేను వాచీలు బాగుచేసేవాళ్ల కంటి భూతద్దాన్ని. మా ఉస్తాదు నన్ను ఐగ్లాస్ అంటాడు. నల్లటి పొట్టి గొట్టం, దాని కొసన పావలా బిళ్లంత అద్దం, అంతే నా ఒళ్లు. కనుబొమ్మకూ చెంపకూ మధ్య నన్ను ఇరికించుకుని ఆయన తల వంచితే, ఆవగింజంత మర రేగుపండంత అవుతుంది. పదింతలు పెద్దది చేసి చూపిస్తాను. కానీ నాకో నియమం ఉంది. చూడాల్సిన వస్తువు అంగుళం దూరానికి రావాలి. ఇంకాస్త ఎడంగా పట్టుకుంటే అంతా మసకే. నాతో నిజం తెలుసుకోవాలంటే దగ్గరికి రాక తప్పదు.

కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర, నలుగురు నిలబడితే నిండిపోయే దుకాణం మాది. నా చదువంతా హెచ్ఎంటీ జనతాల మీద సాగింది. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టిన సంస్థ అది. పెళ్లిలో మామ పెట్టిన జనతా, కొలువు దొరికినప్పుడు కొనుక్కున్న జనతా, తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వచ్చిన జనతా. పదిహేడు రాళ్ల మిషను, సెకనుకు ఐదు కొట్టుకోవడాలు. ఆ గుండెను నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. తర్వాత సెల్లు వాచీలు వచ్చాయి. మూత తీయడం, సెల్లు మార్చడం, మూత వేయడం. నన్ను కంటికి ఎత్తుకోవడం తగ్గింది.

మళ్లీ నాకు పని దొరికింది గల్ఫ్ వల్ల. ఇక్కడి పల్లెల నుంచి దుబాయ్, కువైట్, బహ్రెయిన్ పోయినవాళ్లు సెలవుకు వస్తూ సెంటు సీసాలు, దుప్పట్లు, వాచీలు తెచ్చేవారు. వాటిలో కొన్నింటి డయల్ మీద ఐదు కొమ్ముల కిరీటం మెరిసేది. రోలెక్స్. హాన్స్ విల్స్‌డార్ఫ్ అనే ఆయన 1908లో రిజిస్టరు చేయించిన పేరు. నీళ్లు చొరని ఆయిస్టర్ కేసు 1926లో, చేతి కదలికతో తానే కీ ఎక్కించుకునే మిషను 1931లో తెచ్చిన కంపెనీ. దొంగనోట్లు అచ్చువేసేవాడు పది రూపాయల నోటు జోలికి పోడు. విలువ ఉన్నచోటే నకలు పుడుతుంది. అందుకే ఆ కిరీటం బజారులో చవగ్గానూ దొరికేది, షేక్ మెచ్చి ఇచ్చిన బహుమానంగానూ వచ్చేది. ఏది ఏదో తెలియక అందరూ ఒకటే ప్రశ్న తెచ్చేవారు: "ఉస్తాద్, ఇది ఒరిజినలేనా?"

నా బతుకులో మరవలేని రోజు గురించి చెప్పాలి. ఆ రోజు నేను ఏమీ చూడలేదు. చూడకపోవడమే దాన్ని మరవలేకపోవడానికి కారణం.

కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేసి తిరిగొచ్చినాయన మధ్యాహ్నం వేళ వచ్చాడు. జేబురుమాలు విప్పి వాచీ చూపించాడు. డయల్ మీద అదే కిరీటం. సెకన్ల ముల్లు మాత్రం టిక్కుటిక్కుమని సెకనుకో అడుగు వేస్తోంది. అప్పట్లో మా పనివాళ్లలో ఒక మాట ఉండేది: రోలెక్స్ ముల్లు జారిపోతది, దుమికితే డూప్లికేటు. ఉస్తాదు వాచీని మూర దూరం నుంచి చూసి, "డూప్లికేటన్నా, సెల్లు మిషను" అన్నాడు. మూత తీయలేదు. నన్ను కంటికి పెట్టుకోలేదు. పట్టకారు పక్కన బల్ల మీద పడి ఉన్నాను. వంటాయన మొహం వాడిపోయింది. బయటికి పోయి, అడిగిన మొదటి మనిషికి ఆ వాచీని ఐదు వందలకు ఇచ్చేశాడట.

ఆరు నెలలకు, హైదరాబాదులో తోటి పనివాడి దగ్గర ఉస్తాదు ఒక పాత కేటలాగు తిరగేశాడు. అందులో ఆయిస్టర్‌క్వార్ట్జ్ కనబడింది. రోలెక్స్ కంపెనీయే 1977లో తెచ్చిన సెల్లు వాచీ. దాని సెకన్ల ముల్లు సెకనుకో అడుగే వేస్తుంది. మూత తీసి ఉంటే లోపలి మిషనే చెప్పేది. ఆ వంటాయన ఊరేదో ఉస్తాదు అడిగి ఉండలేదు. చాన్నాళ్లు బస్టాండులో మొహాలు వెతికాడు. దొరకలేదు.

ఆ తర్వాత ఆయన మారిపోయాడు. నన్ను పెట్టుకోకుండా ఎవరికీ జవాబు చెప్పలేదు.

ఒకసారి ఒక కుర్రాడు సబ్‌మెరైనర్ తెచ్చాడు. డబ్బా, కార్డు, సంచీ అన్నీ ఉన్నాయి. రెండేళ్ల జీతంలో మిగిల్చిన డబ్బు దాని మీద పెట్టాడు. "ముల్లు జారుతుంది చూడు కాకా, బరువు కూడా ఉంది" అన్నాడు. బరువు ఇనుముకీ ఉంటుంది. ముల్లు జారడం దాదాపు కీ మిషన్లన్నిటికీ ఉన్న గుణమే, నకిలీలో ఉన్నదీ కీ మిషనే. నేను చూసినవి వేరు. డయల్ మీది అక్షరాల అంచులు సిరా పీల్చిన కాగితం మీద రాసినట్టు చెదిరి ఉన్నాయి. తేదీ మీది బుడిపె అద్దం అంకెను రెండున్నర రెట్లు పెంచాలి, ఇది అందులో సగమూ పెంచడం లేదు. అద్దంలో ఆరు దగ్గర చెక్కే చిట్టి కిరీటం అసలు వాచీలో వెతికితే తప్ప దొరకదు. ఇందులో మామూలు కంటికే కనబడుతోంది.

అయినా ఉస్తాదు నోరు విప్పలేదు. మూత తీశాడు. ఊగే చక్రం మీద వేగం సరిచేసే పుల్ల ఉంది, దాని కింద బల్లపరుపు హెయిర్‌స్ప్రింగు. అసలు మిషనులో ఆ పుల్లే ఉండదు. చక్రం అంచు లోపలి వైపు ఉండే సన్నటి బంగారు నట్లు తిప్పి వేగం సరిచేస్తారు. స్ప్రింగు చివరి చుట్టు పైకి లేచి వంగి ఉంటుంది. ఇవన్నీ చూశాక, దుకాణంలో ఉన్న ఇద్దరినీ సాయంత్రం రమ్మని పంపేసి, కుర్రాణ్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి చెప్పాడు. అమ్మినవాడి మీద పోలీసులకు ఫిర్యాదు చేయొచ్చనీ, తప్పుడు ట్రేడ్‌మార్కుతో సరుకు అమ్మితే 1999 నాటి చట్టం కింద మూడేళ్ల దాకా జైలు ఉందనీ చెప్పాడు. నిజం చూడటం నా పని. దాన్ని మనిషి తట్టుకునేలా చెప్పడం ఆయన పని అని ఆ రోజు తెలిసింది.

ఇక చివరిది. ఒక ఆడబిడ్డ వచ్చింది. తండ్రి దుబాయ్‌లో ఒక ఇంట్లో కారు నడిపి తిరిగొచ్చి, ఆ చలికాలంలోనే పోయాడు. సగం స్టీలు, సగం బంగారం రంగు డేట్‌జస్ట్ బల్ల మీద పెట్టింది. గీతలు పడింది, చైను వదులై వేలాడుతోంది.

"అందరు డూప్లికేటంటున్నరు కాకా. ఒక దుకాణంల రెండు వేలిస్తమన్నరు. చీకట్ల మెరుస్తలేదు, అద్దంల కిరీటం లేదు. బాపు పొలానికి గూడ ఇదే పెట్టుకపోయేటోడు."

"కూసో బిడ్డా, పొద్దు చాన ఉంది" అన్నాడు ఉస్తాదు.

చైను విప్పాడు. కేసు కొమ్ముల మధ్య ఆరు వైపున ఒక అక్షరం, దాని వెనక నంబరు. పన్నెండు వైపున మోడలు నంబరు 16233. ఆ అంకెల గీతలు లోతుగా, పదునుగా, వెలుగు తగిలితే తళుక్కుమంటున్నాయి. యాసిడ్‌తో తినిపించిన నకిలీ అంకెలు ఇసుక చల్లినట్టుంటాయి. ఆ అక్షరాన్ని బట్టి వాచీ 1990ల మొదట్లోది. అద్దంలో కిరీటం చెక్కడం మొదలైంది 2000 దాటాక. కాబట్టి ఇందులో అది లేకపోవడమే సబబు. డయల్ అడుగున స్విస్ అన్న మాటకు అటూ ఇటూ టీ అక్షరం, అంటే వెలుగు కోసం పూసింది ట్రిటియం. పన్నెండేళ్లకు కాస్త పైనే దాని బలం సగమవుతుంది. ముప్పై ఏళ్ల తర్వాత మెరవకపోవడం దాని నిజాయతీ. బంగారం అంచు అరిగినచోటా అదే పసుపు, కింద నుంచి మరో రంగు తొంగిచూడటం లేదు.

మూత తిరిగింది. 3135 మిషను, 1988లో వచ్చినది. ఊగే చక్రాన్ని రెండు వైపులా మోసే వంతెన, చక్రం లోపలి బంగారు నట్లు, పైకి వంగిన స్ప్రింగు, ఎర్రటి చక్రాలు. ఎర్ర చక్రాలను ఈమధ్య నకిలీలవాళ్లూ పెడుతున్నారు. కాబట్టి ఉస్తాదు అక్కడా ఆగలేదు. స్క్రూల తలలు, వంతెనల అంచులు ఒక్కొక్కటీ చూశాం. కేసు, డయలు, వెలుగు, మిషను అన్నీ ఒకే కాలం గురించి మాట్లాడుతున్నాయి. నా ఇన్నేళ్ల చదువు సారం ఇదే. ఒక్క గుర్తు ఎప్పుడూ సాక్ష్యం కాదు. అబద్ధం ఒక్క మాట బాగా చెప్పగలదు. పది నోళ్ల చేత ఒకే మాట చెప్పించడం దానికి కష్టం.

"నా కంటికి అంతా సరిగ్గనే ఉంది బిడ్డా. ఆఖరి మాట మాత్రం కంపెనీ సర్వీసు సెంటరోళ్లదే. అక్కడికి తీసుకపో. అప్పటిదాంక ఎవ్వలకూ ఇయ్యకు."

మూత బిగించబోతూ ఆగాడు. మూత లోపలి వైపు, వెంట్రుక కంటే సన్నగా, సూదితో గీసిన అంకెలు: 6-97, కింద 3-04. వాచీ బాగుచేసినప్పుడల్లా పనివాళ్లు లోపల పెట్టుకునే గుర్తులు అవి. దుబాయ్‌లో ఎవరో, నాలాంటి ఒక అద్దం పెట్టుకుని గీసి ఉంటారు.

ఉస్తాదు నన్ను తీసి ఆమెకు ఇచ్చాడు. కంటికి ఎట్లా ఇరికించుకోవాలో చూపించాడు. మొదట ఆమెకు మసకే కనిపించింది. "ఇంకా దగ్గరికి" అన్నాడు. మూతను అంగుళం దూరానికి తెచ్చుకుంది.

"సున్నా నాలుగు..." అంది మెల్లగా. "ఆ యేడు బాపు ఇంటికి రాలే. నా పెండ్లికి గూడ రాలే."

అమ్ముతావా, ఉంచుకుంటావా అని ఉస్తాదు అడగలేదు. అసలుదేనా అని ఆమె మళ్లీ అడగలేదు. చాలాసేపు నన్ను కంటి మీంచి తీయలేదు.