ఒక పెంపుడు కొండచిలువ కథ: ఆవులింత ఎందుకు?

పాము ఆవులింతకు నిద్రమత్తుతో సంబంధం లేదు. కంటిరెప్పలే లేని ప్రాణి ఎప్పుడు నిద్రపోతుందో చూసేవారికి తెలియడమే కష్టం. నోరు బార్లా తెరవడానికి దాని కారణాలు దానికున్నాయి. ఈ కథలోని పాము బాల్ పైథాన్ అనే చిన్న జాతి కొండచిలువ. దాని పూర్వీకులు పశ్చిమ, మధ్య ఆఫ్రికా పచ్చికబయళ్లవి. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి ఈ జాతి పెంపకం కోసం పెద్ద సంఖ్యలో ఎగుమతి అయింది. ఈ పాము మాత్రం అమెరికాలోని ఒక పెంపకశాలలో గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చి, ఒక ఇంట్లో గాజుపెట్టెకు చేరింది.

ఆవులింతకు అన్నిటికంటే మామూలు కారణం దవడలు. పాము కింది దవడలోని రెండు సగాలు గడ్డం దగ్గర ఒకే ఎముకగా కలిసిపోవు. సాగే కణజాలం వాటిని పట్టి ఉంచుతుంది. పుర్రెకూ దవడకూ మధ్య కదిలే ఎముక మరొకటి ఉంది. అందుకే ఈ పాము తన తలకంటే లావైన ఎలుకను కుడిపక్క కొంత, ఎడమపక్క కొంత లాక్కుంటూ మింగగలదు. మింగేటప్పుడు దవడ ఊడిపోతుందని జనం అనుకుంటారు గానీ అది ఎన్నడూ ఊడదు. మేత లోపలికి దిగాక ఒకటి రెండుసార్లు ఆవులించి దవడల్ని మళ్లీ సరిచేసుకుంటుంది. ఈ పాము గర్వంగా చెప్పుకోగల ఆవులింత అదే.

కొన్ని పాములు మేతకు ముందూ ఆవులిస్తాయి. గాలిలోని వాసనలు అంగిట్లో వాసన పసిగట్టే జాకబ్సన్ అవయవానికి చేరడానికి అది తోడ్పడుతుందని పరిశీలకుల అభిప్రాయం. అమెరికా ఆగ్నేయ ప్రాంతపు చిత్తడినేలల్లో ఉండే కాటన్‌మౌత్ అనే విషసర్పం నోరు తెరిచి తెల్లటి లోపలి భాగం చూపిస్తుంది. అది ఆవులింత కాదు, హెచ్చరిక.

ఇక మిగిలింది జబ్బు. బాల్ పైథాన్ తన ఒంటి వేడిని తానుగా పుట్టించుకోలేదు. ఈ జాతికి పెట్టెలో ఒక పక్క 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, రెండో పక్క 25 నుంచి 27 డిగ్రీల వేడి కావాలి. గాలిలో తగినంత తేమ ఉండాలి. ఒక చలికాలం ఈ పాము పెట్టెలో వేడినిచ్చే బల్బు మాడిపోయింది. ఎవరూ చూడలేదు. థర్మామీటరు గోడకు అతికించే ఉంది, దాని వంకా ఎవరూ చూడలేదు. చలికి జబ్బుపడి దాని ఊపిరితిత్తుల్లో శ్లేష్మం చేరింది. మనిషికున్నట్టు పాముకు ఉదరవితానం లేదు కాబట్టి గట్టిగా దగ్గి దాన్ని బయటికి నెట్టలేదు. మేత తినకుండానే మాటిమాటికీ నోరు తెరవడం, తల పైకెత్తి ఉంచడం, ఊపిరిలో గురగుర, నోటి అంచున నురగ: ఇవన్నీ శ్వాసకోశ వ్యాధి గుర్తులే. ఆ ఇంట్లో మాత్రం "చూడండి, పాపం నిద్రొస్తోంది" అంటూ ఫోన్లో వీడియో తీశారు. ప్రాణం నిలుపుకోవడానికి పడే పాటు వాళ్లకు ముద్దుగా కనిపించింది.

బాల్ పైథాన్ పెంపకంలో 20 ఏళ్లు, 30 ఏళ్లు కూడా బతుకుతుంది. కొనేటప్పుడు ఆ లెక్క ఎవరికీ గుర్తుండదు. ఆ ఇంటి పిల్లలకు మోజు తీరింది. పెట్టె హాల్లోంచి వెనక గదికి, అక్కణ్నుంచి గ్యారేజీకి వెళ్లింది. చివరికి ఈ పామును, పెట్టెతో సహా, అనాథ సరీసృపాలను చేరదీసే చోట వదిలేసి వెళ్లారు. అక్కడి పశువైద్యుడు నోట్లోని స్రావాన్ని పరీక్షించి యాంటీబయాటిక్ సూదిమందు ఇచ్చాడు, పెట్టెలో వేడి పెంచారు. ఊపిరి నెమ్మదిగా తేలికపడింది. ఎలుకను మింగాక మళ్లీ మామూలు ఆవులింత వచ్చింది.

పామును పెంచేవారు ఆవులింత కనిపించగానే పాము ఎప్పుడు మేత తిన్నదో గుర్తు చేసుకోవాలి. మేతతో పని లేకుండా ఆవులింతలు వరసగా వస్తుంటే ముందు థర్మామీటరు చూసి, ఆలస్యం చేయకుండా సరీసృపాల వైద్యం తెలిసిన పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.