పది లక్షల అయిదు రూపాయలు

మొన్న పొద్దున ఇడ్లీ బండి దగ్గర యాభై నోటిస్తే, నలభై అయిదు మినహాయించుకుని అయిదు రూపాయల బిళ్ళ చేతిలో పెట్టాడు. తిప్పి చూస్తే ఒకవైపు మూడు సింహాలు, రెండోవైపు వైష్ణోదేవి అమ్మవారు, 2012 అని సంవత్సరం. ఇంటికొచ్చి దాన్ని తెలియక డైనింగ్ టేబుల్ మీద పెట్టాను. అక్కడ మా బావమరిది కాఫీ తాగుతున్నాడు.

"బావా, కదలకు!" అన్నాడు.

తేలేమో అనుకుని కదల్లేదు.

"దాన్ని ముట్టుకోకు. వేలిముద్ర పడిందా, రేటు పడిపోతుంది."

ఫోన్ తీసి వీడియో చూపించాడు. అదే బిళ్ళ, దాని చుట్టూ ఎర్ర బాణాలు, వెనక నోట్ల కట్టలు. ఇది మీ దగ్గరుంటే మీరు లక్షాధికారి అని ఒకాయన ఊపిరి తీసుకోకుండా చెబుతున్నాడు. రేటు పది లక్షలట. ఎవరు కొంటార్రా అంటే, "పార్టీ ఉంది బావా" అన్నాడు. ఈ పార్టీ గారిని నేను చిన్నప్పట్నుంచీ వింటున్నాను. రైస్ పుల్లింగ్ చెంబు కొనేదీ ఆయనే, రెండు తలల పాము కొనేదీ ఆయనే. ఆయన్ని కళ్ళారా చూసినవాడు మాత్రం ఇంతవరకూ తగల్లేదు.

వైష్ణోదేవి దేవస్థానం బోర్డుకు పాతికేళ్ళు నిండిన సందర్భంగా ఆ నాణేన్ని వాడకం కోసమే వేశారనీ, అందుకే ఇడ్లీ బండి దాకా వచ్చిందనీ చెప్పబోయాను. వాడు వినలేదు. అప్పటికే ఫొటో తీసి పార్టీకి పంపేశాడు. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది: సరుకు ఓకే. మా అమ్మాయి పెళ్ళిచూపుల్లో ఫొటో చూసి ఓకే అనడానికి మగపెళ్ళివాళ్ళకు ఆరు వారాలు పట్టింది.

ఆ వెంటనే రిజిస్ట్రేషన్ ఫీజు 799 అడిగారు. బావమరిది కట్టేశాడు. తర్వాత జీఎస్టీ. ఆ తర్వాత రిజర్వు బ్యాంకు ఎన్‌ఓసీకి ఇంకో ఆరు వేలు. నమూనా కాగితం కూడా పంపారు. సింహాలున్నాయి, గుండ్రటి ముద్ర ఉంది, బ్యాంకు పేరులో మాత్రం ఒక అక్షరం తప్పింది.

"పది లక్షలిచ్చేవాడు ఆ ఆరు వేలూ అందులోంచే కోసుకోవచ్చు కదరా?"

"నీకు బిజినెస్ తెలీదు బావా."

పాత నాణేల లావాదేవీలకూ తనకూ సంబంధం లేదనీ, కమిషన్లూ ఫీజులూ అడగననీ, తన పేరు చెప్పి వసూలు చేసేవాళ్ళను నమ్మొద్దనీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. అది చదివి వినిపించాను. "చూశావా, ఆర్బీఐ కూడా పట్టించుకుంటోందంటే ఇందులో ఎంత డబ్బుండాలి!" అన్నాడు.

ఇక లాభం లేదని, ఆదివారం పాత నాణేలు అమ్మే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన బిళ్ళను చేతిలోకి కూడా తీసుకోలేదు.

"పొద్దుట్నుంచి మీరు నాలుగోవారు సార్," అంటూ బల్ల కిందనుంచి బిస్కెట్ డబ్బా తీసి మూత తెరిచాడు. సగం దాకా వైష్ణోదేవులే. "ఎన్ని కావాలి?"

అప్పుడు భూతద్దం ఇచ్చి సంవత్సరం కింద చూడమన్నాడు. చిన్న నక్షత్రం ఉంటే మన హైదరాబాదు టంకశాల, వజ్రం ఆకారముంటే ముంబయి, చుక్కయితే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. కొన్ని సంవత్సరాల్లో ఒక టంకశాల తక్కువ వేసి ఉంటుంది, విలువ అక్కడ తేలుతుంది. అచ్చు తప్పుపడిన నాణేనికీ గిరాకీ ఉంటుంది. ఒట్టి వయసుకు విలువ లేదట. 1835 నాటి కంపెనీ వారి పావు అణా, అరిగిపోయినదైతే, బిర్యానీ ప్లేటు ఖరీదు కూడా చేయదన్నాడు. దాని వయసు దాదాపు నూట తొంభై.

బావమరిది ఊరుకోక పర్సులోంచి రాగి బిళ్ళ ఒకటి బయటికి తీశాడు. సీతారామలక్ష్మణులు, పాదాల దగ్గర హనుమంతుడు, వెనక ఈస్టిండియా కంపెనీ, 1818. నాలుగు వేలు పెట్టి కొన్నాడట, మా చెల్లెలికి తెలియదు. పెద్దాయన జాలిగా చూశాడు. కంపెనీ అలాంటి నాణెం ఏనాడూ వేయలేదు. శిస్తుల కోసం ఊళ్ళు దండుకున్నవాళ్ళు మన కోసం రామపట్టాభిషేకం అచ్చేస్తారని నమ్మాలంటే నిజంగానే భక్తి ఉండాలి.

"వెండివేమైనా ఉన్నాయా సార్? 1939 దాకా వచ్చిన రూపాయిల్లో పన్నెండింట పదకొండు వంతులు వెండే. బరువు తులం."

ఉంది. అయిదో జార్జి రూపాయి, మా అమ్మది. చిన్నప్పుడు నా మొలతాడుకు కట్టడానికి దానికి కొండి అతికించారు, ఆ తర్వాత యాభై ఏళ్ళపాటు పండగ పండగకూ చింతపండూ బూడిదా వేసి తోమారు. జార్జి గారి ముక్కు ఎప్పుడో పోయింది. విని ఆయన భూతద్దం వెనక్కి తీసేసుకున్నాడు. నాణేన్ని తోమితే సేకరించేవాళ్ళు ముట్టుకోరట. కంసాలికి తూకానికి అమ్ముకొమ్మన్నాడు.

వస్తూ దారిలో టీ తాగాం. నా దగ్గర పది రూపాయల బిళ్ళలు రెండున్నాయి, ఇచ్చాను. టీ కొట్టతను వాటిని నా వైపే నెట్టాడు.

"చెల్లవు సార్."

2018 నాటికే పది రూపాయల బిళ్ళలో 14 రకాలున్నాయనీ, గీతలు పదున్నా పదిహేనున్నా, రూపాయి గుర్తున్నా లేకపోయినా అన్నీ చెల్లుతాయనీ రిజర్వు బ్యాంకు ఆ ఏడు జనవరిలోనే చెప్పిందన్నాను. "రిజర్వు బ్యాంకు వచ్చి ఇక్కడ టీ తాగదు కదా సార్," అన్నాడు. వెయ్యి రూపాయల దాకా బిళ్ళల్లో ఇచ్చినా చెల్లుతుందని చట్టం ఉందన్నాను. ఈసారి బావమరిదే నా మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "అతను చెప్పేది కరెక్టే బావా. నేనూ తీసుకోను. దొంగవి వస్తున్నాయట."

ముఖం తెలియని పార్టీ పది లక్షలిస్తానంటే నమ్మినవాడు, ప్రభుత్వం పది రూపాయలిస్తే నమ్మడు. వాణ్ని అని ఏం లాభం! చలామణిలో ఉన్నన్నాళ్ళూ పావలాను కండక్టర్లు కిటికీలోంచి విసిరేసేవారు. 2011 జూన్ 30తో దాని ఆయుష్షు తీరింది. ఇప్పుడు ఫోన్లో దాని ధర లక్షన్నర. చచ్చినవాడి కళ్ళు చారెడు. అర్ధ రూపాయి ఇంకా చట్టప్రకారం బతికే ఉంది కాబట్టి దానికి అంత యోగం పట్టలేదు.

ఇంటికొచ్చేసరికి ఏడయింది. అయిదు రూపాయల బిళ్ళ సంగతి మా ఆవిడకు చెప్పి, పోనీలే రేపు ఖర్చు పెట్టేద్దామన్నాను. "అమ్మవారిని ఇడ్లీ బండికి ఇచ్చేస్తారా?" అని చేతిలోంచి లాక్కుంది. చింతపండుతో తోమి, కుంకుమబొట్టు పెట్టి దేవుడి గదిలో ఉంచింది.

మర్నాడు ఇడ్లీ బండి దగ్గర అయిదు తక్కువొచ్చాయి. పది రూపాయల బిళ్ళ తీసి చూపించాను.

"అది వద్దు సార్," అన్నాడు, పక్కనున్న పలకమీద నా పేరు రాసుకుంటూ. "అయిదు రేపివ్వండి."